డేటా కాపీ: చేత్తోనా, ఆటోమేటిక్‌గానా?

అందరికీ నమస్కారం. మన రొయ్యల చెరువుల యాప్ డేటాను నెల్లూరు నుంచి కావలి సర్వర్‌కి ఎలా పంపాలన్న చర్చ సాగుతోంది కదా, నా అభిప్రాయం చెబుతాను.

మేత రకాలు, మండలాల పేర్లు ఉన్న టేబుళ్లు ఎప్పుడో గాని మారవు. వాటికి చేత్తో డంప్ (టేబుల్ మొత్తం కాపీ) తీసి ఎక్కిస్తే చాలు. నీటి రీడింగులు, రైతుల ఖాతాలు అలా కాదు. పట్టుబడి హడావుడిలో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని కాపీ చేస్తారని కూర్చుంటే రైతుకే నష్టం. వీటికి ఆటోమేటిక్ పద్ధతే కావాలి.

మన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి లాజికల్ రెప్లికేషన్ (మార్పులను ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌కి పంపే పద్ధతి) ఉంది, కావాల్సిన టేబుళ్లే ఎంచి పంపొచ్చు. అయితే పెట్టేసి వదిలేసేది కాదు. ఇక్కడ కొత్త కాలమ్ చేరిస్తే అది అక్కడికి దానంతటదే వెళ్లదు, రెండు చోట్లా మనమే చేర్చాలి. కావలిలో కరెంటు పోయి సర్వర్ ఆగితే, ఇక్కడి రెప్లికేషన్ స్లాట్ (అవతలి సర్వర్ ఎంతవరకు అందుకుందో గుర్తుంచుకునేది) పాత లాగ్‌ను, అంటే మార్పుల చిట్టాను, చెరిపేయనివ్వదు. దాంతో డిస్క్ నిండితే నెల్లూరులోని అసలు సర్వరే పడిపోతుంది. 13వ వెర్షన్ నుంచి ఇలా పేరుకునే లాగ్ సైజుకు పరిమితి పెట్టుకోవచ్చు, తప్పక పెడదాం.

రాత్రి బ్యాకప్ మాత్రం ఆపొద్దు. పొరపాటున ఇక్కడ డిలీట్ కొడితే క్షణాల్లో అక్కడా పోతుంది.

డిస్క్ అలర్ట్ ఎవరి ఫోన్‌కి రావాలో సాయంత్రంలోగా చెప్పండి.