వేడెక్కిన చేపల తొట్టికి ఐసు ముక్కలు మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఆసుపత్రుల్లోనూ, బడుల వరండాల్లోనూ, హోటళ్లలోనూ, అపార్ట్‌మెంట్ల లాబీల్లోనూ అక్వేరియంలు పెట్టడం మామూలైంది. తెచ్చి పెట్టించేది యజమాని, మేత వేసేది వాచ్‌మన్, అప్పుడప్పుడు వచ్చి శుభ్రం చేసేది దుకాణం కుర్రాడు. ఎండలు ముదిరి నీరు వేడెక్కినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ఈ ముగ్గురిలో ఎవరి పనీ కాదు. రోహిణి కార్తె రాకముందే 40 డిగ్రీలు దాటుతున్న ఈ రోజుల్లో ఆ బాధ్యతను ఒకరికి అప్పగించాలని, వారికి సరైన పద్ధతి తెలియజేసే ఏర్పాటు ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గప్పీ, ఏంజెల్, ఫైటర్ వంటి చేపలకు 24 నుంచి 28 డిగ్రీల నీరు అనుకూలం. గోల్డ్ ఫిష్ చల్లని నీటి జాతి కనుక 24 దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. అయినా పిల్లల కోసం మనం మొదట కొనేది దాన్నే, అదీ చిన్న గాజు గిన్నెతో సహా. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఉండేది 32 దగ్గర 7.3కు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే చేప శరీరక్రియలు వేగం పుంజుకుని దానికి మరింత ప్రాణవాయువు కావలసి వస్తుంది. విసర్జనల నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియా కూడా వేడి నీటిలో, అందునా క్షారగుణం ఉన్న నీటిలో, ఎక్కువ విషమవుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి అనుకుని ఇంకాస్త మేత వేస్తుంటారు. అవి తెరుస్తున్నది ఊపిరాడక. ఆ పూటకు మేత మానేయడమే మేలు.

కంగారు పడినవారు వెంటనే చేసేది ఫ్రిజ్‌లోని ఐసు తెచ్చి తొట్టిలో వేయడం. 20 లీటర్ల తొట్టిలో కిలో ఐసు వేస్తే నీటి ఉష్ణోగ్రత కొద్దిసేపట్లోనే 5 డిగ్రీలు పడిపోతుంది. అంతసేపూ వేడిని ఓర్చుకున్న చేప ఆ హఠాత్తు మార్పుకు చచ్చిపోవచ్చు. 100 లీటర్ల తొట్టిలో అదే కిలో ఐసు తగ్గించేది ఒక్క డిగ్రీ, అదీ తొందరలోనే తిరిగి పెరుగుతుంది. చిన్న తొట్టికి ప్రమాదం, పెద్ద తొట్టికి దండగ. మరీ తప్పనిసరైతే, మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో నీటిని గడ్డకట్టించి ఆ సీసాను తొట్టిలో వదిలి, థర్మామీటరు చూస్తూ, గంటకు ఒక డిగ్రీకి మించి తగ్గకుండా మధ్యమధ్యలో తీసివేస్తూ ఉండాలి. రోజు మొత్తానికి రెండు మూడు డిగ్రీలు తగ్గితే చాలు.

ముందుగా చేయవలసినవి ఖర్చు లేని పనులు. హీటరు ప్లగ్గు తీయాలి, లైటు ఆర్పాలి, ఎండ పడే కిటికీకి తెర వేయాలి, ఎయిర్ పంపు ఆపకుండా నడపాలి. ఆ తర్వాత నమ్మదగిన సాధనం చిన్న టేబుల్ ఫ్యాను. తొట్టి మూత తీసి, చేపలు దూకకుండా వల కప్పి, నీటి పైభాగం మీదుగా గాలి వీచేలా పెడితే నీరు ఆవిరవుతూ వేడిని వెంట తీసుకుపోతుంది. 100 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే పోయే వేడి, మిగిలిన నీటిని 5, 6 డిగ్రీలు చల్లబరచడానికి సరిపోయేంత. గదిలోని వేడి తిరిగి చేరుతూనే ఉంటుంది కనుక ఆచరణలో దక్కేది రెండు మూడు డిగ్రీలే, కానీ అది నెమ్మదిగా దక్కుతుంది. మన ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఎయిర్ కూలర్లు బాగా పనిచేసేది ఈ కారణంచేతనే. విశాఖ ఉక్కపోతలో ఇంత ఫలితం ఉండదు, వానలు పడ్డాక మనకూ ఉండదు. తగ్గిన నీటిని ఆర్వో నీటితో భర్తీ చేయడం మంచిది, ఎందుకంటే లవణాలు ఆవిరి కావు, బోరు నీరు పోస్తూ పోతే అవి పేరుకుపోతాయి. ఫ్యానూ దాని తీగా నీటిలో పడకుండా కట్టాలని, తొట్టిలో చేయి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీయాలని పెద్దలకు చెప్పనక్కర్లేదేమో గానీ, బడుల్లో చెప్పి తీరాలి.

నీరు మార్చేవారు మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకును మరిచిపోతారు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే వచ్చేది తొట్టిలోని నీటికంటే వేడి నీరు. తెల్లవారుజామున సంపులోంచి తోడి, జలమండలి నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక దాన్ని విరిచే చుక్కలు కలిపి, పదో వంతు మాత్రమే మార్చాలి.

ఏసీ హాళ్లలోని తొట్లకు మరో కష్టం ఉంది. పగలంతా చల్లగా ఉన్న గది రాత్రికీ ఆదివారానికీ మూతపడి వేడెక్కుతుంది. విద్యుత్తు పోతే ఎయిర్ పంపు, ఫిల్టరు రెండూ ఆగిపోతాయి. ఫిల్టరులో అమ్మోనియాను హరించే బాక్టీరియాకూ ప్రాణవాయువు కావాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోవడం ఈ సంస్థలకు భారం కాదు. మరమ్మతుల కోసం సరఫరా ఆపే వేళలను విద్యుత్తు అధికారులు ముందురోజే తెలియజేస్తే మనుషులకూ మేలే.

2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ప్రధాన కార్యాలయం మన నగరంలోనే, చేప ఆకారంలో కట్టిన భవనంలో ఉంది. ఆ బోర్డు, రాష్ట్ర మత్స్యశాఖ కలిసి ఈ జాగ్రత్తలను తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పేజీలో అచ్చువేయించి దుకాణాల ద్వారా పంచాలి. తొట్టి అమ్మే ప్రతి దుకాణమూ థర్మామీటరుతో కలిపే అమ్మాలి. బడుల సంగతి అన్నిటికంటే తొందరది: వేసవి సెలవుల్లో తాళం పడిన గదిలో తొట్టిని చూసేవారే ఉండరు. రోజూ వచ్చి చూసే మనిషిని పెట్టలేని బడి, సెలవులకు ముందే ఆ చేపలను, చెరువులో వదిలేయకుండా, పెంచగలిగే కుటుంబానికి ఇచ్చేలా విద్యాశాఖ ఆదేశించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు
సైదాబాద్, హైదరాబాద్