కోనలోకి పోయినవాళ్ళు తిరిగొచ్చారో లేదో ఎవరు చూస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే జిల్లా పేజీలో ఫలానా జలపాతం దగ్గర యువకుడు గల్లంతు అనే వార్త తరచూ కనిపిస్తుంది, ఒకట్రెండు రోజులకి సందర్శకులను అనుమతించడం లేదని ఇంకో వార్త వస్తుంది, కొన్నాళ్ళకి గేటు మళ్ళీ తెరుస్తారు, లోపల పద్ధతి మాత్రం ఏమీ మారి ఉండదు. దీని గురించే నాలుగు మాటలు రాయాలని.

నేను తిరుపతిలో ఉంటాను. సెలవు దొరికితే కొండల్లోకి ఒక్కదాన్నే నడుచుకుంటూ పోతాను. తలకోన, కైలాసకోన, ఉబ్బలమడుగు ఇవన్నీ నాకు ఇష్టమైన చోట్లు. ఒక్కదాన్నే ఎందుకని అడుగుతారు. గుంపుతో పోతే ఫోటోలు, తిండి, త్వరగా పోదాం పదండి అనడం, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. ఒక్కదాన్నే అయితే వాగు పక్కన బండ మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు, నీళ్ళ హోరు వినొచ్చు, అలసిపోతే వెనక్కి తిరగొచ్చు. ఈ సంతోషం ఆడవాళ్ళకీ ఉండాలని గట్టిగా నమ్ముతాను.

ఈ మధ్య ఒక కోనకి వెళ్ళాను, పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క చోటి సంగతి కాదు. గేటు దగ్గర టికెట్ కొట్టారు. బ్యాగు తెరిపించి మందు సీసాలు, ప్లాస్టిక్ ఏమైనా ఉన్నాయా అని చూశారు, అది చాలా మంచి పని. తర్వాత "ఏంమ్మా, ఒక్కదానివే వచ్చినావా, తోడు ఎవురూ రాలేదా" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. అభిమానంతోనే అడిగారు, కాదనను. కానీ నా పేరు రాసుకోలేదు, ఫోన్ నంబర్ తీసుకోలేదు, ఏ దారిన పోతావు ఎన్ని గంటలకి తిరిగొస్తావు అనీ అడగలేదు. సాయంత్రం నేను బయటికొచ్చేసరికి కౌంటర్ మూసేసి ఉంది, గేటు దగ్గర మనిషి లేడు. ఆ రోజు లోపల నా కాలు విరిగి ఉంటే రాత్రంతా అక్కడే పడి ఉండేదాన్ని, కొండ కింద ఎవరికీ తెలిసేది కాదు. కోనల్లో సిగ్నల్ ఉండదు కదా, అత్యవసర నంబర్ 112 కి కొట్టాలన్నా ఏదో ఒక నెట్‌వర్క్ అందాలి.

మన కొండల తీరు తెలిసినవాళ్ళకి ఇది ఎంత ప్రమాదమో విడిగా చెప్పక్కర్లేదు. తలకోనలో నీళ్ళు 270 అడుగుల ఎత్తు నుంచి పడతాయి. శేషాచలం పైభాగంలో ఉన్నది క్వార్ట్‌జైట్ రాయి, చాలా గట్టిది, నిట్టనిలువుగా పగులుతుంది, అందుకే ఇక్కడి కోనలు రెండు మేడల మధ్య సందులా ఇరుకుగా ఉంటాయి. తడిసి పాచి పట్టిన బండ మీద ఎంత మంచి బూటైనా జారుతుంది. అన్నిటికన్నా భయపడాల్సింది నీళ్ళకి. కోనలో వాగు పెరగడానికి మన నెత్తిన చినుకు పడక్కర్లేదు, పైన ఎక్కడో కుండపోత పడితే చాలు. నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగుకి తిరుగుతాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, హోరు మారుతుంది. అది గమనించిన వెంటనే గట్టెక్కాలి, సామాను కోసం కూడా ఆగకూడదు. 2021 నవంబర్‌లో కపిలతీర్థం జలపాతం ఎలా ఉరికిందో ఊరంతా చూసింది, తిరుమలకి నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. అవి ఊరి అంచున ఉన్నాయి కాబట్టి చూశాం. లోపలి కోనల్లో అలాంటి వరద వస్తే చూసేవాళ్ళెవరు? పైగా మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ధార నిండుగా ఉందని చెన్నై నుంచి, బెంగళూరు నుంచి జనం వచ్చేదీ అప్పుడే.

అలాగని మూసేయమని నేను అడగడం లేదు. మూసేస్తే కుర్రాళ్ళు గేటు వదిలేసి పక్కదారుల్లో చొరబడతారు, అప్పుడు వాళ్ళు లోపల ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలియదు. మనుషులను క్షేమంగా పంపి వెనక్కి తీసుకురావడం మనవాళ్ళకి తెలియని విద్య కాదు. తిరుమల మీద తుంబురు తీర్థ ముక్కోటి పండగ రోజున, ఫాల్గుణ పౌర్ణమికి, పాపవినాశనం నుంచి అడవిలో మైళ్ళ దూరం జనం నడుస్తారు. దారి పొడవునా సిబ్బంది ఉంటారు, నీళ్ళూ అన్నప్రసాదమూ పెడతారు. అంత ఏర్పాటు రోజూ ప్రతి కోన దగ్గరా కుదరదని నాకూ తెలుసు.

నేను అడిగేది ఒక రిజిస్టర్. టికెట్ ఇచ్చేటప్పుడు పేరు, ఫోన్ నంబర్, ఇంట్లోవాళ్ళ నంబర్, లోపలికి పోయిన టైము రాయాలి, బయటికి వచ్చేటప్పుడు టిక్కు పెట్టాలి, టిక్కు పడని పేరు ఒక్కటి ఉన్నా కౌంటర్ మనిషి ఇంటికి పోకూడదు. చీకటి పడ్డాక వెతకడం మొదలుపెట్టడానికీ, రెండో రోజు ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి వచ్చాక మొదలుపెట్టడానికీ మధ్య ఒక ప్రాణం ఉంటుంది. ఎర్రచందనం దొంగల కోసం ఇదే అడవిలో టాస్క్‌ఫోర్స్ తిరుగుతూ ఉంటుంది, లోపల ఉన్న సందర్శకులు ఎవరో ఎందరో తెలిస్తే వాళ్ళకీ మేలే. దీనితో పాటు గుండం దగ్గర లోతు రాసిన బోర్డు, వాగు దాటే చోట గట్టి తాడు, పైన వాన పడితే కింద ఉన్నవాళ్ళకి వినపడేలా ఒక సైరన్ ఉండాలి. చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళకి, ముఖ్యంగా ఈ అడవి తెలిసిన యానాదుల పిల్లలకి శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెడితే వాళ్ళకి జీతం దొరుకుతుంది, నాలాంటివాళ్ళకి కావాలన్నప్పుడు తోడు దొరుకుతుంది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళని ఎందుకు వచ్చావని అడగడం మానేసి, ఎన్నింటికి తిరిగొస్తావు అని అడగడం గేటు దగ్గరివాళ్ళకి నేర్పితే నాకు అంతకన్నా కావాల్సింది లేదు.

ఒంటరిగా నడిచేవాళ్ళకి కూడా ఒక మాట. ఏ కోనకి, ఏ దారిన పోతున్నారో ఒక మనిషికి చెప్పి వెళ్ళండి, ఈ టైము దాటితే ఫలానా వాళ్ళకి ఫోన్ చెయ్యి అని కూడా చెప్పండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఒక విజిల్ మెడలో వేసుకోండి, అరిచి అరిచి గొంతు పోయినా విజిల్ ఊదగలం.

అటవీ శాఖ, జిల్లా కలెక్టర్లు దీన్ని కార్తీకమాసం లోపే మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వనభోజనాలకి జనం పిల్లాపాపలతో కోనలకి వచ్చేది అప్పుడే, ముందు తలకోనలో మొదలుపెట్టినా చాలు.

ఒక పాఠకురాలు,
తిరుపతి