పచ్చ జిగురు సాక్షిగా, ఆటోనగర్ పెద్దాయనకు

ఇప్పుడే ఇల్లు చేరాను. చేతులు మూడుసార్లు కడిగినా పెట్రోలు వాసన వదల్లేదు, నడుం పట్టేసింది. పడుకుంటే ఆ పెద్దాయనకి థాంక్స్ చెప్పే ఈ మాటలు రేపటికి రావని కూర్చుని రాస్తున్నా.

నా పాత జెట్ స్కీ (నీళ్ళ మీద నడిచే స్కూటర్) గోల మీలో చాలామందికి తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళు మేడ మీద చిక్కుకుపోతే పడవ దొరక్క నానా తిప్పలు పడ్డాం. ఆ కసితో కొన్నా. 1997 మోడల్, టూ స్ట్రోక్. "ఇనప సామాను కొన్నాడు" అని నవ్వనివాళ్ళు లేరు.

జనవరిలో పిస్టన్లు కాలాయి. ఒక షాపులో 46 వేలు తీసుకుని రెండూ మార్చారు. పదకొండు రోజులకి మళ్ళీ అదే తంతు. స్టార్టవుతుంది, ఐడిలింగ్ బంగారంలా ఉంటుంది, ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే నిమిషం పరుగెత్తి, గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. మళ్ళీ తీసుకెళ్తే స్టాండు మీద అర నిమిషం తిప్పి "బానే ఉందిగా" అని పంపేశారు. నీళ్ళలో లేకుండా అంతకంటే ఎక్కువ తిప్పకూడదు, నిజమే, కూలింగ్ ఉండదు. కానీ లోడ్ లేకుండా తిప్పితే రోగం ఎలా బయటపడుతుంది? బిల్లు మాత్రం బయటపడింది.

పోయిన శనివారం మసక చీకట్లో కృష్ణలో భవానీ ఐలాండ్ దాటాక ఆగింది. వెనకాల మేనల్లుడు. గాలి మమ్మల్ని మెల్లగా ప్రకాశం బ్యారేజీ వైపు నెడుతోంది. ఆ అరగంట గురించి ఇప్పుడు రాయను.

సోమవారం పెట్రోలు పైపు కోసం ఆటోనగర్‌లో తిరుగుతుంటే, రేకుల షెడ్డులో స్కూటర్ కార్బురేటర్లు విప్పుకుంటున్న ఒక పెద్దాయన నా గోడు విన్నారు. పేరు రాయొద్దన్నారు. "ప్లగ్గు తెచ్చావా?" అన్నారు. జేబులోనే ఉంది. కళ్ళజోడు పైకెత్తి చూశారు. "సుద్దముక్కలా ఉంది. దీనికి తిండి అందట్లేదయ్యా. ఆగిపోయేటప్పుడు చోక్ లాగితే కాస్త పుంజుకుంటోందా?" అవునన్నాను. "పిస్టన్లు మార్పించావు సరే, అవి ఎందుకు కాలాయో అడిగావా?"

ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆయన జన్మలో జెట్ స్కీ ముట్టుకోలేదు. అయినా సాయంత్రం మా ఇంటికొచ్చారు. ముందు ట్యాంకు మూత వదులు చేయించారు, గాలి దారి మూసుకుపోయిందేమోనని. కాదు. ఇంజను నుంచి పెట్రోలు పంపుకి వెళ్ళే సన్నటి పైపు విప్పి, నన్ను సెల్ఫ్ కొట్టమని, దాని మూతి మీద బొటనవేలు పెట్టారు, నాడి చూసినట్టు. ఆ కొట్టుకోవడంతోనే పంపు పనిచేస్తుందట. "నాడి బావుంది" అన్నారు. రిజర్వ్ నాబ్ విప్పితే లోపల పచ్చటి జిగురు. కార్బురేటర్ విప్పితే పెట్రోలు వడకట్టే చిటికెన వేలి గోరంత జాలీ, దాని నిండా అదే. ఆ జాలీని తెల్లగుడ్డ మీద పెట్టి నాకు చూపించారు. పాత బూడిదరంగు పైపులు లోపల్నుంచి కరిగి అలా పేరుకున్నాయి. పెట్రోలు తగ్గేసరికి ఇంజను వేడెక్కి పిస్టన్లు కాలాయి. "తప్పు నీది కాదబ్బాయ్, పైపుది" అన్నారు.

ఏడాదిగా ఇంట్లో, వీధిలో అందరూ తప్పు నాదేనన్నారు. ఆ మాట వినగానే నీళ్ళు తాగే వంకతో లోపలికి వెళ్ళిపోయాను. ఇంతకంటే చెప్పలేను.

పైపులన్నీ మార్చి, కార్బురేటర్‌కి కొత్త డయాఫ్రమ్ (లోపలుండే పల్చటి పొర) కిట్ వేశారు. ఈరోజు పొద్దున్నే ఆరింటికి ఘాట్‌కి వచ్చి, పంచె ఎగ్గట్టి నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. బండిని ట్రైలర్‌కే కట్టి లోడ్ మీద పరీక్ష చేశారు. ఆగలేదు. తర్వాత వెనకాల ఎక్కించుకుని ఐలాండ్ చుట్టూ తిప్పాను. ఆయన నది వైపు చూడనే లేదు, చెవి ఇంజను వైపే. పైపులకి 340 తీసుకున్నారు. కూలి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసేశారు.

ఒక్క మాట. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని పాడుచేస్తుంది. పాత ఇంజన్లవాళ్ళు ఏం చేయాలో ఒక్క బోర్డు మీదైనా ఉందా? వేలెడంత డయాఫ్రమ్‌కి కార్బురేటర్ మొత్తం కొనమనే షాపులకి ఏమనాలి?

మా ఆవిడకి, బావమరిదికి థాంక్స్. వాళ్ళు మనవాళ్ళే, తెలుసు.

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయా. శనివారం మమ్మల్ని తాడు కట్టి ఒడ్డుకి లాగిన జాలరి అన్నకి దండం. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. కిట్ హైదరాబాద్ నుంచి బస్సులో వేసిన తమ్ముడికీ. ట్రైలర్ తోసిన ముగ్గురు కుర్రాళ్ళకీ, పేర్లు కూడా అడగలేదు. ఘాట్ దగ్గర టీ బండి బాబాయ్, మీ టార్చి ఇంకా నా దగ్గరే ఉంది. రేపు పొద్దున తెచ్చిస్తా.