సబర్బన్ రైలు జాప్యానికి బాధ్యులెవరు?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు సబర్బన్ రైలు ప్రాజెక్టును కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులో ఆమోదించింది. రూ.15,767 కోట్ల అంచనా వ్యయంతో, 148 కిలోమీటర్ల మేర, సంపిగె, మల్లిగె, పారిజాత, కనక అని ముచ్చటైన పూల పేర్లు పెట్టుకున్న నాలుగు మార్గాలకు 2022 జూన్‌లో శంకుస్థాపన చేసిన ప్రధానమంత్రి, పనులు 40 నెలల్లో పూర్తవుతాయని మాట ఇచ్చారు. 2025 అక్టోబరుతో ఆ గడువు దాటిపోయినా ఒక్క మార్గంలోనూ రైలు కదలలేదు.

వ్యయంలో కేంద్రం, రాష్ట్రం చెరో 20 శాతం భరించి, మిగతా 60 శాతాన్ని రుణాలుగా తేవాలన్నది ఏర్పాటు. అయితే నిర్మాణ సంస్థకు పూర్తికాలపు మేనేజింగ్ డైరెక్టరు నియామకమే ఉభయ ప్రభుత్వాల మధ్య వివాదంగా మారింది. పని ఆగిన ప్రతి నెలా వ్యయం పెరుగుతుంది, పెరిగిన భారం ఎవరిదన్న ప్రశ్న మరో తగవుకు దారి తీస్తుంది. ఢిల్లీలో ఒక పార్టీ, బెంగళూరులో మరో పార్టీ అధికారంలో ఉండడం ప్రయాణికుల తప్పు కాదు కదా!

బానసవాడిలో స్థిరపడిన మాలాంటి తెలుగు కుటుంబాలెన్నో మల్లిగె మార్గంపై ఆశ పెట్టుకున్నాయి. ఏ భాగంలో పని ఎంతవరకు వచ్చిందో, ఎవరి వాటా ఎంత విడుదలైందో మూడు నెలలకొకసారి బహిరంగంగా ప్రకటించాలని ఉభయ ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బానసవాడి, బెంగళూరు