ఉరిశిక్షపై మన చర్చ: వార్షిక నివేదిక 2025, నల్లగొండ

సభ్యులందరికీ నమస్కారం.

ఎప్పటిలాగే వేసవిలో చలివేంద్రం నడిపాం. బతుకమ్మకు వీధుల్లో లైట్లు పెట్టించాం. పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు ఆగకుండా సాగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు. నేను మాత్రం నెలవారీ చర్చా సమావేశాల గురించే ఎక్కువ రాస్తున్నాను. ఈ ఏడాది మనల్ని నిద్రపోనివ్వనివి అవే.

మార్చి 10న మన ఊళ్లోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు మిర్యాలగూడ పరువు హత్య కేసులో ఒకరికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం విధించింది. కులాంతర పెళ్లి చేసుకున్నందుకు 2018 సెప్టెంబర్‌లో ఒక దళిత యువకుణ్ని గర్భవతి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. తీర్పు తర్వాత జరిగిన సమావేశంలో అందరికీ ఉరి వేయాల్సిందేనని చాలామంది గట్టిగా అన్నారు. ఆ కోపాన్ని ఎవరూ తప్పుపట్టలేదు, పట్టకూడదు కూడా. ఆరున్నరేళ్లు తీర్పు కోసం ఎదురుచూసిన ఆ తల్లిదండ్రులు మన జిల్లా వాళ్లే. ఆ కేసు మంచిచెడ్డలు ఇక్కడ రాయడం లేదు. సెషన్స్ కోర్టు వేసిన ఏ ఉరిశిక్షనైనా హైకోర్టు ఖాయం చేయాలి, అది వాళ్ల పని. మేం పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: పొరపాటు జరగకుండా, పేదా ధనికా తేడా లేకుండా ఉరి వేయగల వ్యవస్థ మన దగ్గర ఉందా?

పొరపాటు గురించి చెప్పుకోవాలంటే మహారాష్ట్ర కేసు ఒక్కటి చాలు. దోపిడీ, హత్య కేసులో సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు మళ్లీ విచారించి ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది. అప్పటికి వాళ్లు జైల్లో పదహారేళ్లు గడిపారు. ఒక్కొక్కరికి ఐదు లక్షలు పరిహారం ఇవ్వమంది. మధ్యలో ఉరి అమలై ఉంటే ఆ తీర్పును ఎవరికి చదివి వినిపించేవాళ్లు? తెలుగువాళ్లందరికీ గుర్తున్న, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ విద్యార్థిని హత్య కేసులోనూ, యావజ్జీవం పడిన పేద యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. పడింది ఉరి కాదు కాబట్టి ఆ మనిషి ఇంటికి రాగలిగాడు.

చటాన్‌పల్లి గురించి మాట్లాడిన రోజు సమావేశం చాలా సేపు నడిచింది. 'దిశ' అత్యాచారం, హత్య కేసులో నిందితులుగా ఉండి, 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో పోలీసుల కాల్పుల్లో చనిపోయిన నలుగురూ నారాయణపేట వైపు కుర్రాళ్లు. అప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. పోలీసులు చెప్పిన కథనం నమ్మేలా లేదని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ విచారణ కమిషన్ 2022లో తేల్చింది. కోర్టు మెట్లు ఎక్కకుండానే ప్రాణం తీస్తే వయసు కూడా ఎవరూ అడగరన్నమాట.

శిక్ష ఎవరి మీద పడుతుందన్నది మరో మాట. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ఉరిశిక్ష పడిన ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది పేదలే. మన దగ్గర సాక్ష్యాలు తెలుగులో చెబుతారు, హైకోర్టుకు వెళ్లాక వాదన ఇంగ్లీషులో నడుస్తుంది. తన ప్రాణం గురించి ఏం రాశారో ముద్దాయే చదువుకోలేడు. బాల్యం, ఆరోగ్యం, జైల్లో నడవడిక వంటి వివరాలు తెప్పించుకుని చూశాకే ఉరి గురించి ఆలోచించాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితాలు పోగుచేయడానికి ఓపికున్న వకీలు మొదటి కోర్టులోనే దొరకాలి. నా దృష్టిలో మనిషి ప్రాణం నిలిచేదీ పోయేదీ అక్కడే.

'పన్నుల సొమ్ముతో వాణ్ని జీవితాంతం మేపాలా' అన్న మాట దాదాపు ప్రతి సమావేశంలో వచ్చింది. జవాబుగా కాలిఫోర్నియా లెక్క చెప్పాం: 1978 నుంచి 2011 వరకు అక్కడ మరణశిక్ష వ్యవస్థకు సుమారు 400 కోట్ల డాలర్లు ఖర్చయింది, అమలైనవి పదమూడు. మన దగ్గరా హైకోర్టు, సుప్రీంకోర్టు, రివ్యూ, గవర్నర్, రాష్ట్రపతి, ఇన్ని మెట్లున్నాయి. వాటిని తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, పొరపాట్లు పెరుగుతాయి. చంపబడ్డవాళ్ల కుటుంబం మాత్రం ఇన్నేళ్లూ ఆ టెన్షన్‌లోనే బతకాలి.

ఉరి రద్దు కావాలని తీర్మానం పెట్టలేదు. సభ్యుల్లో ఏకాభిప్రాయం లేదు, బలవంతంగా చేయెత్తించడం మన పద్ధతి కాదు. ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం చేయడం తప్ప మిగతా వాటికి ఉరి వద్దని లా కమిషన్ 2015లో చెప్పింది. కార్యదర్శిగా కాక ఒక సభ్యుడిగా నా అభిప్రాయం చెప్పమంటే, ఆ మినహాయింపు కూడా వద్దంటాను.

అందరూ ఒప్పుకున్న పని ఒకటుంది. కస్టడీలో ఉన్నవాళ్లకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. బాధిత కుటుంబాలు పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతులు, న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరు ఉన్న పోస్టర్లు బస్టాండులో, చుట్టుపక్కల ఊళ్లలో అంటించాం. వచ్చే ఏడాది తెలుగు కోర్టు కాగితాలను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు తీర్పులను తెలుగులోకి మార్చి పెట్టే చిన్న బృందం ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. రిటైరైన టీచర్లు, కోర్టు గుమస్తాలుగా చేసినవాళ్లు సర్వసభ్య సమావేశంలోనే పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి