వీసా పోయినా ఇల్లు పోదు, తొందరపడి అమ్మితేనే నష్టం

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికాలో ఉద్యోగం చేసుకోనిచ్చే హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమంటూ 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చినప్పటి నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లలు అక్కడున్న ఇళ్లలో ఒకటే మాట: ‘అక్కడి ఇల్లు అయినకాడికి అమ్మేసి వచ్చెయ్యి నాయనా’. కన్నవాళ్ల బెంగ న్యాయమైనదే. కానీ ఈ కంగారులో పోయే డబ్బు వీసా వల్ల పోయేది కాదు, లెక్క తెలియక పోయేది. ఎన్నారైల పన్ను లెక్కలు చూసే ఆడిటర్లుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

వీసాకూ ఇంటి హక్కుకూ ముడి లేదు. ఉద్యోగం పోతే హెచ్-1బీ వారికి దొరికే గడువు 60 రోజులు, ఐ-94 (అక్కడ ఉండే గడువు తెలిపే పత్రం) అంతకంటే ముందే ముగిస్తే అప్పటిదాకానే. దేశం విడిచినా డీడ్‌లో (ఇంటి దస్తావేజులో) పేరు ఉంటుంది, బ్యాంకు అప్పూ ఉంటుంది. టెక్సాస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి అమలైన, విదేశీయుల కొనుగోళ్లను అడ్డుకునే భూముల చట్టం చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాల గురించి. మన దేశం పేరు అందులో లేదు. అమెరికా ప్రభుత్వ హామీతో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ ఇంటి అప్పు మాత్రం 2025 మే 25 నుంచి హెచ్-1బీ వారికి ఇవ్వడం లేదు. అది కొత్తగా కొనేవారి సంగతి.

అసలు మెలిక ఎప్పుడు అమ్ముతారన్న దాంట్లో ఉంది. ఏళ్ల తరబడి హెచ్-1బీ మీద ఉన్నవారు పన్ను లెక్కలో అమెరికా రెసిడెంట్లే. ఆ హోదా ఉండగా అమ్మితే, విదేశీయుణ్ణి కానన్న ధ్రువపత్రంలో ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) వేసి సంతకం పెడితే చాలు. తిరిగొచ్చి, మరుసటి ఏడాది నాన్ రెసిడెంటు అయ్యాక అమ్మితే విదేశీయులు అమ్మే అమెరికా ఆస్తులకు వర్తించే ఫిర్ప్టా చట్టం కింద కొనేవారు ధరలో 15 శాతం పట్టుకుని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు కట్టాలి. తాము ఉండటానికే కొంటుంటే 10 లక్షల డాలర్ల దాకా 10 శాతం, 3 లక్షల లోపైతే ఏమీ లేదు. ఇది లాభం మీద కాదు, మొత్తం ధర మీద. 4,50,000 డాలర్లకు అమ్మిన ఇంటి మీద 3,50,000 అప్పు, కమిషను వగైరా 27,000 అనుకోండి. మిగిలేది 73,000. అందులో 10 శాతం లెక్కన 45,000 ఆగిపోతే చేతికొచ్చేది 28,000. కొన్నది అద్దెకిచ్చుకునే పెట్టుబడిదారైతే 67,500 ఆగి, 5,500 మిగులుతుంది. నష్టానికి అమ్మినా ఇదే కోత.

కట్టాల్సిన పన్ను పోను మిగతాది మరుసటి ఏడాది 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్ను) దాఖలు చేస్తే వెనక్కి వస్తుంది. ముందే తగ్గించుకోవాలంటే క్లోజింగ్ రోజు (అమ్మకం పూర్తయ్యే రోజు) దాటకుండా 8288-బీ దరఖాస్తు పెట్టాలి. ఐఆర్‌ఎస్ మామూలుగా 90 రోజుల్లో తేలుస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబ వీసా) మీద ఉన్న భార్య పేరూ డీడ్‌లో ఉండి ఆమెకు ఎస్‌ఎస్‌ఎన్ గానీ ఐటిన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివారికిచ్చే పన్ను నంబరు) గానీ లేకపోతే ఈ దరఖాస్తు కదలదు. వరుసగా మూడేళ్లు రిటర్నులో వాడని ఐటిన్ చెల్లదు కూడా. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

అలాగని అందరూ వెంటనే అమ్మాల్సిన పనీ లేదు. చివరి ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో సొంతదారుగా ఉన్నవారికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా లాభంపై పన్ను ఉండదు. అంటే అద్దెకిచ్చి వచ్చినా దాదాపు మూడేళ్ల వ్యవధి ఉంటుంది. అద్దె లెక్కలో తరుగుదల కింద తీసుకున్న మొత్తానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. అద్దె చూసే కంపెనీకి డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ఇవ్వకపోతే మొత్తం అద్దెలో 30 శాతం కోత పడుతుంది. ఇస్తే ఖర్చులు పోను మిగిలినదానికే పన్ను.

విమానం ఎక్కేముందు పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి, భార్యాభర్తలు విడివిడిగా. ఇంటి చిరునామా, లాట్, బ్లాక్ నంబర్లు, అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం పేరుపేరునా ఉండాలి. మన నోటరీ ముద్ర ఒక్కటే అక్కడ చెల్లదు. ఇక్కడికొచ్చాక చేయాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంటు, లేదా అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ).

ఇల్లు ఖాళీగా వదిలితే బీమా కంపెనీకి తప్పక చెప్పండి. 30 నుంచి 60 రోజులు ఖాళీగా ఉన్న ఇంటికి చాలా పాలసీల్లో కవరేజీ తగ్గిపోతుంది. చలికాలంలో హీటర్ ఆపేసి, నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయకుండా వస్తే గోడలో పైపు గడ్డకట్టి పగులుతుంది. మంచు కరగ్గానే ఇల్లంతా నీళ్లు. క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అదొక్కటే చాలు. అద్దెకిస్తే పాలసీని కూడా ల్యాండ్‌లార్డ్ పాలసీగా మార్చుకోవాలి.

మన చట్టమూ అడ్డు చెప్పదు. విదేశంలో ఉన్నప్పుడు కొన్న ఇంటిని తిరిగొచ్చాకా ఉంచుకోవచ్చని విదేశీ మారక చట్టం ఫెమా సెక్షన్ 6(4) చెబుతోంది. ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా (తిరిగొచ్చిన కొత్తలో పన్ను లెక్కలో ఉండే మధ్యంతర హోదా) ముగిశాక మాత్రం ఏటా రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) ఆ ఇంటిని చూపాలి, అద్దె రాకపోయినా సరే. చూపకపోతే 2015 నాటి బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.

ఇక పొలం అమ్మి కొడుకు వాయిదాలు కట్టాలనుకునే తల్లిదండ్రులకు: ఏడాదికి ఒక్కొక్కరు 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటినదానిపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా పట్టే పన్ను) వసూలు చేస్తుంది. అది మీ పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది, కానీ రిటర్ను వేస్తేనే. వ్యవసాయ ఆదాయమే కదా అని రిటర్ను వేయనివారు ఆ డబ్బు వదులుకున్నట్టే.

ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ, బ్యాంకులు కలిసి నెల్లూరు, ఒంగోలులో ఈ కాగితాలపై శిబిరాలు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ఎన్నారై పన్ను లెక్కలు చూసే ఆడిటర్లు,
నెల్లూరు