పాలకమండలి పదవులు సరే, గుడిలో దీపం సంగతేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఆలయాల పాలకమండళ్ల నియామకాల వార్త వచ్చింది. ఏ గుడి చైర్మన్ పదవి ఏ నాయకుడి అనుచరుడికి దక్కింది, ఎవరు అలిగారు, ఎవరిని ఎలా బుజ్జగించారు, అన్నీ వివరంగా రాశారు. ఆ గుళ్లలో నిత్యపూజ జరుగుతోందా, అర్చకుడికి జీతం అందుతోందా, దేవుడి భూమి ఎవరి చేతుల్లో ఉంది అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. కోపంలో రాయకూడదని ఇన్నాళ్లూ ఆగాను. కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

మా ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి ఉంది. మా తాతల తరంలో ఒక కుటుంబం వాళ్లు స్వామికి ఏడెకరాల మాగాణి రాసిచ్చారు. ఆ పంటతో ధూపదీపాలు, ధనుర్మాసం పొంగలి, ఏడాదికొకసారి కల్యాణం జరగాలని దస్తావేజులోనే రాసుకున్నారు. ఇప్పుడు ఆ భూమికి వేలం పాట దేవాదాయ శాఖ పెడుతుంది. మా గుడితో పాటు ఇంకా ఎన్నో ఊళ్ల గుళ్లకు శాఖ పెట్టిన కార్యనిర్వహణాధికారి (ఈవో) ఒక్కరే. ఆయన మా ఊరికి తప్పకుండా వచ్చేది వేలం రోజున. కౌలు డబ్బు ఖాతాలో పడుతుంది. అందులోంచి నూనెకు, బియ్యానికి రావాల్సిన డబ్బు మాత్రం నెలల తరబడి రాదు. పోయిన ఏడాది మూడు నెలలు అర్చకస్వామి సొంత డబ్బుతో నూనె కొని దీపం పెట్టారు. ధూపదీప నైవేద్యం పథకం కింద చిన్న గుళ్లకిచ్చే సాయాన్ని 2024లో నెలకు 5 వేల నుంచి 10 వేలకు పెంచారు కదా, మాకూ ఇప్పించండి అని అడిగాం. మీ గుడికి భూమి మీద ఆదాయం ఉంది, వర్తించదన్నారు. కాగితం మీద ఆదాయం ఉంది, గర్భగుడిలో నూనె లేదు. ఇది ఎవరికి చెప్పుకోవాలి?

మండపం కప్పు కారుతోంది. ఊళ్లో నలుగురం చందాలు వేసుకుని బాగు చేయించుకుంటామంటే, అనుమతి లేకుండా ముట్టుకోకూడదన్నారు. సరే, మీరే చేయించండి అన్నాం. ఎస్టిమేట్లు పంపామన్నారు. రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి.

గుళ్లను ప్రభుత్వ అజమాయిషీలో ఉంచే 1987 దేవాదాయ చట్టం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ధర్మకర్తలమని చెప్పుకుని దేవుడి మాన్యాలు మింగినవాళ్లున్నారు, మా చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ వేసింది అందుకే. కానీ ఆ చట్టం దొంగలతో పాటు తరతరాలుగా స్వామిని నమ్ముకుని బతికిన అర్చక కుటుంబాల హక్కులనూ తీసేసింది. 1996లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 2007లో సవరణ తెచ్చి వంశపారంపర్య అర్చకులకు కొంత ఊరట ఇచ్చారు. 1987కీ 2007కీ మధ్య ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని అర్చక కుటుంబాలు ఊరు విడిచి పట్నంలో క్యాటరింగు పనులకూ, అపార్ట్‌మెంట్ల గృహప్రవేశాలకూ వెళ్లిపోయాయో ఏ పల్లెలో అడిగినా చెబుతారు. మా అర్చకస్వామి కొడుకు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈయన తర్వాత మా స్వామికి అర్చన చేసేదెవరో తెలియదు.

2014లో తమిళనాడులోని చిదంబరం నటరాజస్వామి గుడి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాలనలో తప్పులుంటే సరిదిద్దడానికి ప్రభుత్వం గుడిని తీసుకోవచ్చు, సరిదిద్దాక తిరిగి ఇచ్చేయాలి, శాశ్వతంగా తన దగ్గర ఉంచుకోకూడదు అని. మన దగ్గర ఏ గుడిని సరిదిద్ది తిరిగి ఇచ్చారు? ఏ పార్టీ ప్రభుత్వమైనా అడగండి, జవాబు రాదు. ఎందుకంటే చైర్మన్ పదవులు పంచుకోవడానికి అందరికీ కావాలి.

అధికారుల చేతుల్లో ఉంటేనే భక్తులకు భద్రత అంటారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడిన ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో 300 రూపాయల క్యూలైన్ దగ్గర కొత్తగా కట్టిన గోడ వానకు కూలి ఏడుగురు పోయారు. నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోతే, అది ప్రైవేటు గుడి, మా శాఖ కిందకు రాదన్నారు. నిజమే, ప్రైవేటు గుడే. ఏకాదశి నాడు వేలమంది వస్తారని తెలిసినప్పుడు బారికేడ్లు, పోలీసులు, వైద్యులను చూసుకోవాల్సింది ప్రభుత్వం కాదా? గుడి ఎవరిదైనా జనం ప్రాణం కాపాడటం ప్రభుత్వం పని. అది చేయాల్సింది. స్వామివారి పొంగలిలో ఎన్ని జీడిపప్పులు వేయాలో నిర్ణయించడం దాని పని కాదు.

2024లో తిరుమల లడ్డూలో కల్తీ నెయ్యి వాడారన్న గొడవ గుర్తుందా? నెయ్యి స్వచ్ఛత తేలకముందే రెండు పార్టీల వాళ్లూ ప్రెస్‌మీట్లు పెట్టేశారు. టీవీ చానళ్లు రాత్రి పగలు చర్చలు పెట్టి, ప్రసాదం బొమ్మ చూపిస్తూ ఒకరినొకరు తిట్టుకునేవాళ్లను కూర్చోబెట్టాయి. దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచండని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో నా భార్య నలభై ఏళ్లుగా తిరుమల లడ్డూను కళ్లకద్దుకుని తింటుంది. ఆ వారం రోజులూ ఆవిడ టీవీ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ బాధ ఏ యాంకరుకూ పట్టలేదు. పేపర్లూ తక్కువ తినలేదు, మీదీ కలిపే చెబుతున్నాను. భక్తి పేజీ శుక్రవారం, శనివారం వేస్తారు. మిగతా ఐదు రోజులూ దేవుడి గుడి మీకు రాజకీయ వార్తే.

గుళ్లను ఎవరో ఒక సంఘానికో, మఠానికో కట్టబెట్టమని నేను అడగడం లేదు. ఊరి గుడిని ఊరి భక్తులకు ఇవ్వండి. దాతల వంశస్థులు, అర్చకుడు, ఊళ్లో ఏ కులంవారైనా నిత్యం గుడికొచ్చే ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి కమిటీగా ఏర్పడతారు. లెక్కలు ఏటా ఆడిట్ చేయించండి, గుడి గోడ మీద అంటించండి. తప్పు చేసినవాడిని జైల్లో పెట్టండి. పార్టీ సభ్యత్వం ఉన్నవాళ్లను మాత్రం దూరంగా ఉంచండి. మా స్వామికి నూనె, బియ్యం, కారని కప్పు చాలు.

మీకు ఒక విన్నపం. వచ్చేసారి పాలకమండలి నియామకాల వార్త వేసేటప్పుడు ప్రతి చైర్మన్ పేరు పక్కన ఆ గుడికి ఎన్ని ఎకరాలుంది, అందులో ఎంత ఆక్రమణలో ఉంది, నిరుడు కౌలు ఎంత వచ్చింది, అందులో పూజకు ఎంత ఇచ్చారు అన్న నాలుగు అంకెలు వేయండి. శాఖ దగ్గర ఉండాల్సిన లెక్కలే అవి. మా మండలంతో మొదలుపెట్టండి. కావాలంటే మా గుడి దస్తావేజు నకలు నేనే తెచ్చి మీ విలేకరికి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి